చూసినవారి సంతకం

కోడూరు,
22 జూలై 2024

పూజ్యులైన డాక్టరు గారికి,

దయామణి నమస్కారాలు. అక్కయ్య గారికి నా వందనాలు చెప్పండి.

ఇక్కడ నాట్లు మొదలయ్యాయి. మా చర్చి ఆస్పత్రికి వచ్చేవాళ్లు తగ్గారు, వచ్చినవాళ్లు కూడా కాళ్లకి బురదతోనే వస్తున్నారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక వారానికి మూడు రోజులు అక్కడికి వెళ్తున్నానని రాశానుగా. రెండు గదులు, ఒక వరండా, నేనూ. డాక్టరు శుక్రవారం మాత్రమే వస్తారు.

ఇప్పుడు ఒక విశేషం. పోయిన వారం మాకు ఎక్స్‌రే మిషను వచ్చింది. పెళ్లిళ్లలో ఫోటోలు తీసేవాళ్ల కెమెరా అంత ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు. విజయవాడలో ఒక ట్రస్టు వాళ్లు ఇచ్చారు. తీసిన బొమ్మ కంప్యూటరులోకి వెళ్తుంది. అందులో ఉన్న ఏఐ నిమిషంలో చూసి టీబీ ఉందో లేదో చెబుతుందట. ఆ తర్వాత ఒక పెద్ద డాక్టరు గారు తన ఇంట్లో నుంచే అదే బొమ్మ చూసి ఖాయం చేస్తే మాకు చీటీ వస్తుంది. మిషను ఒక్కటే చెబితే నేను నమ్మేదాన్ని కాదు. మొదటి చీటీ చేతిలోకి తీసుకుని కింద పేరు చూసి నిలబడిపోయాను. డాక్టరు జగన్నాథం, గుడివాడ.

నాతో ఒక్క మాట చెప్పలేదేమండీ?

ఆ రోజంతా మనం పనిచేసిన బందరు ఆస్పత్రే గుర్తొచ్చింది. ఎక్స్‌రేలు తీసే మార్కు గారు డార్క్‌రూములోంచి తడి ఫిల్ములు తెచ్చి తాడు మీద క్లిప్పులతో ఆరేసేవారు. మీరు ఆరేదాకా ఆగేవారు కాదు. తడి ఫిల్మునే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టి చూసేవారు. మోచేతుల దాకా నీళ్లు కారి చొక్కా తడిసిపోయేది. "సిస్టర్, ఇలా రా, ఇక్కడ చూడు" అని నాకూ చూపించేవారు. ఇరవై ఆరేళ్లు అలా చూపించబట్టే ఈ రోజు నాకు ఏ కొంచెమైనా తెలుసు.

మీ పోయిన ఉత్తరంలో అక్షరాలు మరీ పెద్దవిగా ఉన్నాయి, వరసలు కూడా పైకి ఎక్కిపోతున్నాయి. బస్సులో కూర్చుని రాశారా ఏమిటి?

ఇట్లు,
దయామణి

*

గుడివాడ,
11 ఆగస్టు 2024

సిస్టర్ దయామణికి ఆశీస్సులు.

నీకు చెప్పకపోవడానికి కారణం ఏమీ లేదు. ఆ చీటీ నీ చేతికే వస్తుందని తెలుసు, నువ్వు ఎలా ఉలిక్కిపడతావో ఊహించుకుని నవ్వుకుందామని ఊరుకున్నాను.

ట్రస్టు పనులు చూసే హరిచందన అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలు చదవడంలో ఈ జిల్లాలో మీ అంత అనుభవం ఉన్నవాళ్లు లేరని విన్నాం, మా మిషను చెప్పేది సరో కాదో మీలాంటివాళ్లు చూసి చెప్పాలి అంది. కాదనలేకపోయాను. పొద్దున్నే కాఫీ అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. మళ్లీ రౌండ్సుకి వెళ్తున్నట్టే ఉంది. మీ అక్కయ్య భ్రమరాంబ వద్దంటున్నా ఇస్త్రీ చొక్కా వేసుకునే కూర్చుంటున్నాను.

మార్కుని గుర్తు చేశావు. ఫిల్ము కవరు మీద ఇద్దరి పొడి అక్షరాలు లేనిదే రికార్డు రూములోకి పోనిచ్చేవాడు కాదు. తీసినవాడివి ఒకటి, చూసినవాడివి ఒకటి. ఒకసారి నేను అవసరంగా వెళ్లాల్సి వచ్చి, "నువ్వే వేసెయ్యి మార్కూ" అంటే, "మీ కళ్లు నాకు ఇచ్చి వెళ్లండి సార్, వేస్తాను" అన్నాడు. అలాంటి మనిషి.

నా పేరుతో చీటీ వచ్చిందంటే నేను చూసినట్టే. నిశ్చింతగా పని చేసుకో.

నా చేతిరాత సంగతి పట్టించుకోకు. డెబ్భై మూడేళ్ల చెయ్యి.

జగన్నాథం

*

కోడూరు,
30 సెప్టెంబరు 2024

డాక్టరు గారికి నమస్కారాలు.

మీ ధైర్యంతో ఇక్కడ రోజుకి పదిమందికి బొమ్మలు తీస్తున్నాం. జనం దాన్ని కంప్యూటరు డాక్టరు అంటున్నారు. నేను మాత్రం, "కంప్యూటరు కాదు, వెనక మా డాక్టరు గారున్నారు" అని చెబుతున్నాను.

పోయిన వారం సత్యవతి అని ఒకామె వచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళ్తున్నారు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. రోజంతా ఐసు నీళ్లలో చేతులు. షుగరు కూడా ఉంది. నెలన్నరగా దగ్గుతోందని షెడ్డు మేస్త్రి పోతురాజు, టీబీ లేదని కాగితం తెస్తేనే పనిలోకి రా అన్నాడట. పక్కన కూర్చునే ఆడవాళ్లు భయపడుతున్నారని.

బొమ్మ తీశాను. మర్నాడు చీటీ వచ్చింది. టీబీ లక్షణాలు లేవు, కింద మీ పేరు. ఆ చీటీ చూసి ఆమె మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు వెళ్లి దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని షెడ్డుకి పట్టుకెళ్లింది. మళ్లీ పనిలో పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో కనబడి నా చేతులు పట్టుకుంది.

నిజం చెప్పాలంటే నాకు లోపల ఒక చిన్న అనుమానం ఉండింది. మీ పేరు చూశాక పోయింది. దగ్గు మందు ఇచ్చి పంపించాను.

మీరు ఆ బొమ్మ చూసినప్పుడు మీకేమైనా అనిపించిందా? ఊరికే అడుగుతున్నాను.

దయామణి

*

గుడివాడ,
19 అక్టోబరు 2024

దయామణికి,

పోయిన వారం పెడనలో పెళ్లికి వెళ్లాం. అంత దూరం వెళ్లి బందరు చూడకుండా రాబుద్ధి కాలేదు. భ్రమరాంబా నేనూ రైలెక్కి వెళ్లి, ఆస్పత్రి దాకా రిక్షాలో వెళ్లాం. ఎక్స్‌రే రూము కిటికీ మూసేసి గోడ కట్టేశారు. ఆ గోడకి నీలం రంగు వేశారట. టీబీ వార్డు వరండాలో ఇప్పుడు రోగులకి ప్లాస్టిక్ కుర్చీలు. గాలి మాత్రం అదే గాలి. ఉప్పు వాసన, ఎండు చేపల వాసన, దూరంగా ఎక్కడో లాంచీ చప్పుడు. కళ్లు మూసుకుని నిలబడ్డాను. నువ్వు తెల్ల టోపీ పెట్టుకుని ట్రేతో గబగబా నడిచొస్తున్నట్టే అనిపించింది.

నీకు అనుమానాలు ఎప్పుడూ ఎక్కువే. ఈ యంత్రం లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్నది. నీకూ నాకూ కలిపి అన్ని చూసే ఆయుష్షు లేదు. నమ్ము.

తుఫాను అంటున్నారు, జాగ్రత్త.

జగన్నాథం

*

కోడూరు,
27 జనవరి 2025

డాక్టరు గారికి,

ఇన్నాళ్లు ఉత్తరం రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

సత్యవతి గుర్తుందా? క్రిస్మస్ వెళ్లిన నాలుగో రోజు షెడ్డులోనే రక్తం కక్కుకుంది. ఆటోలో అవనిగడ్డ తీసుకెళ్లాం, అక్కడి నుంచి బందరు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగం బాగా పాడైందన్నారు. ఇప్పుడు మందులు వాడుతోంది. నలభై కిలోలు కూడా లేదు. పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాను, దేవుడి దయవల్ల వాళ్లకి లేదు. షెడ్డులో ఆమె పక్కన కూర్చునే ఇద్దరికి మాత్రం అంటుకుంది.

జబ్బు కంటే మాట ఎక్కువ బాధ పెడుతోంది ఆమెని. దొంగ కాగితం తెచ్చి అందరికీ అంటించిందని షెడ్డంతా అంటున్నారు. వెంకాయమ్మ అని షెడ్డులో అందరికంటే పెద్దావిడ, పంపు దగ్గర నలుగురిలో నిలబెట్టి, ఆ కాగితం ఎవరి దగ్గర రాయించుకున్నావని అడిగిందట. సత్యవతి పంపుకి వెళ్లడం మానేసింది. పిల్లలు నీళ్లు తెస్తున్నారు. నేను వెళ్లి అది మా ఆస్పత్రి చీటీయే అని చెప్పాను. నన్ను చూసి ఊరుకున్నారు తప్ప ఎవరూ నమ్మలేదు.

డాక్టరు గారూ, ఆ బొమ్మలో మీకేం కనబడిందో ఒకసారి గుర్తు చేసుకుని రాయండి.

దయామణి

*

గుడివాడ,
6 ఫిబ్రవరి 2025

దయామణికి,

చాలా బాధ కలిగింది. ఆమెకి మందులతో నయమవుతుంది, అధైర్యపడవద్దని చెప్పు. గుడ్లు, పాలు బాగా తీసుకోమను.

హరిచందనతో మాట్లాడాను. ఇలాంటివి అక్కడక్కడా జరుగుతుంటాయట. షుగరు ఉన్నవాళ్లలో టీబీ ఊపిరితిత్తి పైభాగంలో కాక కింద రావచ్చు, అక్కడ గుండె నీడ అడ్డం వస్తుంది. యంత్రం పొరబడింది. ట్రస్టు వాళ్లు సాంకేతిక లోపం అని ఒక ఉత్తరం ఇస్తారట. అది షెడ్డులో చూపిస్తే ఆమెకి ఆ మాట పోతుంది.

యంత్రం యంత్రమే. మన రోజుల్లో ఇలా జరిగేది కాదు.

జగన్నాథం

*

కోడూరు,
20 ఫిబ్రవరి 2025

డాక్టరు గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

హరిచందన మొన్న మా ఆస్పత్రికి వచ్చింది. మంచి పిల్ల. సాంకేతిక లోపం అనే ఉత్తరం తెచ్చింది. ఆ లోపమేమిటో నాకు చూపించమని అడిగాను. తన కంప్యూటరు తెరిచి సత్యవతి బొమ్మ తీసింది. పక్కన పసుపు రంగు గుర్తు ఉంది. దాని కింద మిషను రాసింది చదివి వినిపించింది. "ఎడమ వైపు, గుండె నీడ వెనక, స్పష్టంగా లేదు. నిర్ణయించలేను. డాక్టరు తప్పనిసరిగా చూడాలి."

అప్పటిదాకా ఆ పిల్ల కూడా అంత లోతుకి చూడలేదనుకుంటాను. ఇంకో పేజీ తెరిచింది. ఆ రోజు మీ దగ్గరికి వచ్చిన బొమ్మలు ముప్పై ఒకటి. ముప్పై ఒక్కటికీ, పసుపువాటికీ కలిపి, తొమ్మిదీ పన్నెండుకి సరే అని ఉంది. అన్నీ ఒకే నిమిషంలో. పసుపుదానికి డాక్టరు సరే అంటే టీబీ లక్షణాలు లేవనే చీటీ వస్తుందట. ఆ పిల్ల కంప్యూటరు మూసేసింది. తెచ్చిన ఉత్తరం తిరిగి సంచిలో పెట్టుకుంది.

మిషను పొరబడలేదండీ. తనకి తెలియదని చెప్పి మిమ్మల్ని పిలిచింది.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఆ రోజు స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఎడమ వీపు కింద ఊపిరి సరిగా రావడం లేదు. వేలు పెట్టి తట్టాను, మీరు నేర్పినట్టే. బోలుగా మోగాల్సిన చోట మొద్దుగా ఉంది. కళ్లె పరీక్షకి పంపిద్దామని చీటీ కూడా రాసి పెట్టుకున్నాను. మర్నాడు మీ పేరుతో చీటీ వచ్చాక నేను రాసింది చించేశాను. డాక్టరు గారు చూశాక ఇక నేను వినేదేముంది అనుకున్నాను. నా చెవుల కంటే మీ కళ్లని నమ్మాను. ఈ సంగతి మీ దగ్గర దాచాను.

మీరు 'బందరు గోడకి నీలం రంగు వేశారట' అని రాశారు. ఆ గోడ ముందే నిలబడి 'అట' అని రాశారు. అక్షరాలు ఒక్కొక్కటి బఠాణీ గింజంత ఉన్నాయి. నేను నర్సుని. ఎప్పుడో అర్థం చేసుకోవాల్సింది.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ బొమ్మ మీరు చూశారా?

దయామణి

*

గుడివాడ,
3 మార్చి 2025

దయామణికి,

చేతిరాత భ్రమరాంబది, మాటలు నావి. ఏడాదిగా నీ ఉత్తరాలు తనే చదివి వినిపిస్తోంది. ఈసారిదీ తనే చదివింది. నువ్వడిగిన ఆఖరి ప్రశ్న చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, జవాబు చెప్పమంది. నా చూపు సంగతి తనకి తెలుసు. సంతకాల సంగతి తెలియదు. కంప్యూటరే చదివి వినిపిస్తుందని తనకి అబద్ధం చెప్పాను.

చూడలేదు.

మూడేళ్లుగా చూపు మధ్యలో మసక. పక్కలకి కనబడుతుంది, ఎదురుగా ఉన్నది కనబడదు. నువ్వు నా ముందు నిలబడితే నీ చీర అంచు కనబడుతుంది, మొహం కనబడదు. మందు లేదన్నారు. రిటైరయ్యాక ఏడేళ్లలో ఏ ఆస్పత్రివాళ్లూ నన్ను ఏదీ అడగలేదు. ఆ అమ్మాయి వచ్చి మీ అనుభవం మాకు కావాలంది. నాకు కళ్లు కనబడవమ్మా అనడానికి ఒక్క నిమిషం పట్టేది. అనలేదు.

మొదటి నెల ప్రతి బొమ్మనీ తెరంత పెద్దది చేసి, తల పక్కకి తిప్పి, కంటి కొసతో చూశాను. యంత్రం చెప్పిందీ నేను చూసిందీ ఎక్కడా తేడా రాలేదు. అది ఎలాగూ సరిగానే చెబుతోందిగా అనుకున్నాను. తెర కింద 'అన్నిటికీ సరే' అని ఒక మీట ఉంది. ఒక రోజు దాన్ని నొక్కాను. ఏమీ జరగలేదు. మర్నాడు కూడా నొక్కాను. పసుపు గుర్తులు ఉంటాయని నాకు తెలుసు. పసుపుకీ ఆకుపచ్చకీ తేడా నాకు తెలియదని కూడా తెలుసు.

నువ్వు సత్యవతి గురించి మొదటిసారి రాసినప్పుడు, నీ అనుమానమేమిటో అడగవలసింది. అడిగితే నేను చూడలేదన్న సంగతి బయటపడుతుంది. అందుకే పెళ్లి గురించీ, బందరు గాలి గురించీ రాశాను. ఆ తర్వాత తప్పు యంత్రం మీదికి తోశాను. అది ఎదురు చెప్పదులే అనుకున్నాను.

నిన్న హరిచందనని పిలిచి అంతా చెప్పాను. నా పేరు తీసేయమన్నాను. నేను సరే అన్న ప్రతి బొమ్మనీ కళ్లున్న డాక్టర్ల చేత మళ్లీ చూపించమన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. మిమ్మల్ని పరీక్షించకుండా పెట్టుకోవడం మా తప్పు అంది. వాళ్ల తప్పు వాళ్లు చూసుకుంటారు. నాది నాకుంది.

నన్ను క్షమించగలవా అని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

జగన్నాథం

*

కోడూరు,
11 మార్చి 2025

డాక్టరు గారికి,

మీ కళ్ల గురించి చదివి ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది. రెండూ ఇంకా తగ్గలేదు.

నాకు పని నేర్పింది మీరు. తెలియకపోతే తెలియదని రోగికి చెప్పడం కూడా మీరే నేర్పారు. ఒకసారి ఓ రైతుకి, "నీ జబ్బేమిటో నాకు అర్థం కాలేదయ్యా, గుంటూరు వెళ్లు" అని వార్డు మధ్యలో చెప్పారు. మిగతా డాక్టర్లు నవ్వుకున్నారు. నాకు ఆ రోజు మీ మీద ఎంత గౌరవం కలిగిందో మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మనిషి ఎక్కడికి పోయాడా అని వెతుక్కుంటున్నాను.

క్షమించే పని నాది కాదు, సత్యవతిది. నేను కూడా ఆమెకి చెప్పుకోవాల్సినదాన్నే. నాది నిన్న వెళ్లి చెప్పుకున్నాను. విని, "నువ్వు విన్నది నాకప్పుడే చెప్పాల్సింది సిస్టరమ్మా" అంది, అంతే.

మీరు ఉత్తరం పంపితే కుదరదు. షెడ్డులో ఆమెని దొంగ అన్నారు. అన్నవాళ్లు అరవై మంది ఉన్నారు. ఆ చీటీ ఎలా వచ్చిందో వాళ్లందరూ వినేలా మీ నోటితో చెప్పాలి. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ ఒక్కచోట ఉంటారు. పోతురాజుతో నేను మాట్లాడతాను.

గుడివాడలో పామర్రు మీదుగా వచ్చే బస్సెక్కండి. పులిగడ్డ అక్విడక్టు కాలవ వంతెన దాటాక అవనిగడ్డలో నేను నిలబడి ఉంటాను.

దయామణి

*

గుడివాడ,
9 ఏప్రిల్ 2025

దయామణికి,

మళ్లీ భ్రమరాంబ చేతే రాయిస్తున్నాను. మీ ఊరి నుంచి వచ్చాక ఇది చెప్పడానికి నాకు వారం పట్టింది.

నలభై ఏళ్ల కిందట క్యాంపులకి వచ్చినప్పుడు మనం అదే దారిన జీపులో వచ్చేవాళ్లం, నువ్వు వెనక సీటులో మందుల పెట్టెలు ఒళ్లో పెట్టుకుని. ఈసారి కాలవ చప్పుడు వినే అక్విడక్టు వచ్చిందని తెలుసుకున్నాను. అక్కడే దిగి వెనక్కి వెళ్లిపోదామనిపించింది, ఒప్పుకుంటున్నాను.

షెడ్డులో నాకు తెలిసింది ఐసు చల్లదనం, రొయ్యల వాసన, కారియర్ల మూతల చప్పుడు. నేను మాట్లాడటం మొదలుపెట్టాక ఆ మూతల చప్పుడు ఆగిపోయింది. సత్యవతి తెచ్చింది దొంగ కాగితం కాదని చెప్పాను. నా కళ్లు కనబడవని, ఆ బొమ్మ చూడకుండా చూసినట్టు సంతకం చేశానని, మిషను చూడమని అడిగినా చూడలేదని చెప్పాను. ఇన్ని మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పుడు ఎడమ పక్క నుంచి, నువ్వు వెంటబెట్టుకొచ్చిన సత్యవతి గొంతు వినబడింది.

"చూడనప్పుడు చూడలేదని రాయొచ్చు కదండీ. బందరు పోయి ఇంకోళ్లకి చూపించుకునేదాన్ని."

"రాయొచ్చమ్మా," అన్నాను. "రాయలేదు."

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆ నిశ్శబ్దంలో ఏముందో నాకు తెలియలేదు. మొహాలు కనబడని మనిషికి అంతకంటే శిక్ష లేదు. బయటికి వచ్చేటప్పుడు ఆ తడి మెట్ల మీద నువ్వు మోచెయ్యి పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణి.

ఇక్కడ మా వీధిలోవాళ్లు బీపీకి, దగ్గుకి ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఇప్పుడు కూర్చోబెట్టి ముందే చెబుతున్నాను, నాకు చూపు లేదు, చెవులూ చేతులూ బాగున్నాయి, చాలకపోతే వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండని. కొందరు లేచి వెళ్తున్నారు. కొందరు కూర్చుంటున్నారు.

జగన్నాథం

*

కోడూరు,
4 ఆగస్టు 2025

డాక్టరు గారికి, అక్కయ్య గారికి దయామణి నమస్కారాలు.

సత్యవతి మందులు పూర్తయ్యాయి. కళ్లె పరీక్ష రెండుసార్లూ బాగానే వచ్చింది. బరువు యాభై దాటింది. ఎడమ పక్క కొంత పాడైపోయింది కాబట్టి పరుగెత్తితే ఆయాసం వస్తుంది, అది ఇక పోదు. షెడ్డులో ఆ ఇద్దరూ కోలుకుంటున్నారు. మీరు సంతకం పెట్టిన బొమ్మలన్నీ మళ్లీ చూశారట. బంటుమిల్లిలో ఒకాయనకి, ఇక్కడే మరొకామెకి టీబీ బయటపడింది. ఇద్దరినీ పిలిపించి మందులు మొదలుపెట్టారు.

మిషను ఇంకా మా దగ్గరే ఉంది. బాగా పని చేస్తోంది. 'అన్నిటికీ సరే' మీట తీసేశారు. పసుపు గుర్తు వస్తే బందరు నుంచి ఒక డాక్టరమ్మ నాకు ఫోను చేస్తోంది. మొన్న, "సిస్టర్, మీరు ఛాతీ విన్నారా, మీకేం వినబడింది?" అని అడిగింది. చాలా రోజుల తర్వాత నన్ను ఎవరో ఒక మాట అడిగారు. మీరు పడ్డ ఆశ ఏమిటో నాకు అప్పుడు కొంచెం తెలిసింది.

నాకు కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. అయినా మీ ఉత్తరం వస్తే ముందు అది విప్పి చదివాకే అన్నం తింటున్నాను.

ఆ రోజు షెడ్డులో నిశ్శబ్దంలో ఏముందో తెలియలేదని రాశారు. మీకు కనబడనిది చెప్పాలని అప్పుడే అనుకున్నాను. నా మనసు చల్లబడేదాకా ఆగాను.

మీరు చెబుతున్నంతసేపూ పోతురాజు నేల వైపు చూస్తున్నాడు. ఆడవాళ్లు చేతిలో ముద్ద చేతిలోనే పట్టుకుని ఉన్నారు. మీరు ముగించాక వెంకాయమ్మ తన ముందున్న కారియరు పక్కకి జరిపి, తను కొంచెం జరిగి, బల్ల మీద చోటు చేసింది. సత్యవతి వైపు చూసి ఆ చోటు మీద చేత్తో ఒకసారి తట్టింది. క్షమించమని ఎవరూ అనలేదు. సత్యవతి అప్పుడే కూర్చోలేదు. మీరు దిక్కు తెలియక గోడ వైపు తిరిగి దణ్ణం పెడుతుంటే, నిలబడి మిమ్మల్నే చూస్తోంది.

నేను వెనక ఉండిపోయాను డాక్టరు గారూ. వెంకాయమ్మతో మాట్లాడుతున్నాను. మెట్ల దాకా మిమ్మల్ని నడిపించుకెళ్లింది నేను కాదు, సత్యవతి.

ఇట్లు,
దయామణి